ఫిల్ములో వేళ్లు

రాత్రి. సిరొంచ శివారులోని ఎక్స్‌రే గదిలో, ఫిల్ములు తీసే రషీద్‌కు ఒళ్లు మండిపోయింది. క్షయ ఉందేమోనని నాలుగేళ్ల సుష్మితకు తీసిన ఫిల్ములో, పాప భుజం మీద ఎవరివో వేళ్ల ఎముకలు పడ్డాయి.

“పట్టుకోవద్దన్న గదా, అవ్వా!”

“నన్ను తలుపు బయట నిలబెట్టింది నువ్వే,” అంటూ అమ్మమ్మ కుసుమాంబ ఫిల్ము లాక్కుని చూసింది. అందులో చిటికెనవేలు వంకరగా ఉంది.

“ఇది దీని తల్లి చెయ్యి, నా బిడ్డది. పోయినేడు దగ్గుకుంట వస్తే ‘మిషన్ బంద్, రేపు రా’ అని మూడుసార్లు వాపస్ పంపినవ్. నాలుగోసారి వచ్చేతందుకు అది బతికి లేదు.”

రషీద్ కొత్త ఫిల్ము పెట్టాడు. తలుపు మూసి మళ్లీ మీట నొక్కాడు. లోపల పాప ఒక్కతే ఉంది. దగ్గింది మాత్రం పెద్ద ఆడమనిషి.

రెండో ఫిల్ములో పాప భుజాల మీద రెండు చేతులున్నాయి.

“ఇగ ఇప్పుడు పంపు వాపస్, చూస్త,” అంది కుసుమాంబ.