అరవై సైజు

"నలభైకి కోస్తే చాల్రా. లోపల అరుగు గీత కొంచెం మిగుల్తాది, ఆయిలు తాగుతాది, గానీ నడుస్తాది. అరవై తరవాతికి ఉంచుదాం," అన్నాడు కోదండం, ఇంజిన్ బ్లాకులో వేలు పెట్టి తడుముతూ.

టాక్సీ నడిపే గురువులు తల అడ్డంగా ఊపాడు. "అరవైకే కొయ్యి మావా."

హౌరా షెడ్డులో కోదండం ఆ ఇంజిన్‌ని ఇదివరకే రెండుసార్లు, ఇరవైకీ ముప్పైకీ, బోరు చేశాడు. అరిగినప్పుడల్లా రంధ్రాలు వెడల్పు చేసి పెద్ద పిస్టన్లు వేయాలి. అంగుళంలో వెయ్యోవంతుల లెక్కలో అరవై ఆఖరి సైజు. ఆపైన కోయడానికి గోడలో ఇనుముండదు.

"మళ్ళీ అరిగితే ఏటి సేస్తావు?"

"మళ్ళీ ఎక్కడిది మావా? పదిహేనేళ్ళు దాటిన టాక్సీలు జూలై తరవాత తిరక్కూడదంట కదా."

కోదండం వేలు ఆగింది. గురువులుకు బెంగాలీ చదవడం రాదు. తనకి ముందే తెలిసిన ఈ కబురు తనంతట తాను చెప్పకూడదనుకున్నాడు కోదండం.

"నీకెవులు సెప్పినారు?"

"స్టాండులో బెంగాలీ దాదాలు పేపరు సదివినారు."

"మరైతే ఈ బోరింగెందుకురా?"

"ఇరవై రెండేళ్ళు కూడెట్టింది మావా. తుక్కుకొట్టుకి తాడు కట్టి ఈడిపించనేను. పొగ నేకుండా, దానంతటది నడిచెల్లాల."

కోదండం షెడ్డులో ఉన్న బళ్ళ వైపు చూశాడు. షెడ్డుకొచ్చే బళ్ళన్నీ ఆ వయసువే. జూలై దాటితే తన మిషనుకి కోయడానికి బ్లాకే ఉండదు. తరవాతికి ఉంచుదామన్న మాట గురువులు కోసం కాదు, తన కోసమే అన్నదని అప్పుడు తెలిసింది.

మిషను అరవైకి పెట్టి, స్విచ్ నొక్కాడు.