అత్తగారి గొంతు

పెద్దల సంవత్సరీకం ముగియగానే వారి కంఠాన్ని దీపాలూ ఫ్యాన్లూ నడిపే ఇంటి స్పీకరులో ప్రతిష్ఠించుకోవడం ఆనాటికి ఆచారమైంది. రాజమహేంద్రవరంలోని దుకాణంలో త్రిపురాంబ తడుముకోకుండా గతించిన అత్తగారి కంఠాన్నే ఎంచుకున్నది.

“ఎంత భక్తండీ!” అన్నాడు దుకాణదారు.

“భక్తీ లేదు, నా శ్రాద్ధమూ లేదు! ముప్ఫై ఏళ్లు ఆవిడ సెలవిస్తేగాని కాఫీచుక్క ముట్టలేదయ్యా. ఇకమీదట దీపం వెలిగించాలన్నా, ఫ్యాను ఆపాలన్నా ఆవిడే నన్నడగాలి. నేను వెంటనే పలకను.”

యంత్రం అత్తగారి గొంతుతో “సెలవా, అమ్మా?” అన్నది. త్రిపురాంబ కన్నులు చెమర్చేంతగా నవ్వింది.

అంతవరకు సంచి పట్టుకొని వెనుక నిలిచిన కోడలు సంహిత, “ఒక్కమాట, సెలవా అత్తయ్యా?” అని అలవాటుగా అడిగి, బదులుకు ఆగక దుకాణదారు వైపు తిరిగింది.

“ఈవిడ గొంతు కూడా ఇప్పుడే రికార్డు చేసి ఉంచండి.”