ఫ్యానుకి కవల

"మన టేబుల్ ఫ్యానుకి కవల దొరికిందోయ్!" గోనెసంచిలో చుట్టిన బరువును కింద పెట్టి, అటకకు నిచ్చెన వేశాడు భర్త. "పైనున్న దాని మోటారు తీసి దీనికి బిగిస్తే ఇల్లంతా గాలే గాలి! కాస్త నిచ్చెన పట్టుకో."

భార్య గుండెల్లో రాయి పడింది. నిన్న ఆయన ఊళ్లో లేనప్పుడు అటక దులిపి, ఏళ్లుగా మూలపడ్డ ఆ ఫ్యానును పాత సామాన్ల కొట్టువాడికి అంటగట్టింది తనే మరి.

"ఇప్పుడెందుకండీ? పైన బల్లులున్నాయి."

"ఉంటే పలకరించి వస్తాను."

ఎక్కి, అటకంతా కలయజూశాడు. "అబ్బో, ఎంత చోటో! ఆ ఫ్యాను ఇలా అందించు, ఇక్కడే పెట్టేద్దాం."

"అదేంటి, మోటారు తియ్యరా?"

"ముందు సంచి విప్పి చూడవే."

ఒక చేత్తో నిచ్చెన పట్టుకునే విప్పింది. రెక్క మీద ఎర్రటి గోళ్లరంగు పువ్వు. కొత్త కాపురంలో రెక్క గీసుకుపోతే, ఆ గీత కనబడకుండా తను దిద్దిన పువ్వే. కవలా కాదు, ఏమీ కాదు. ఇది తమ ఫ్యానే!

"కొట్టు ముందు కనబడింది. ఆ పువ్వును చూశాక వదిలి రాబుద్ధి కాలేదు," అన్నాడాయన పైనుంచి.

ఆమెకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"మరి నన్నొక్క మాటైనా అనరేం?"

"నిచ్చెన నీ చేతిలో ఉందిగా! దిగాక అంటాను."