గోడలో సందు

ధావు తోటలో వాన నీళ్లను ఆపే రాతిగోడ వరదకు తెగి, రాళ్లన్నీ దిగువన మబ్రూకా ఆలివ్ తోటలో పడ్డాయి. మళ్లీ మబ్బు పట్టింది. గోడ లేవకపోతే తన చెట్ల కింద మన్నంతా కొట్టుకుపోతుందని ధావు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

కొండ దిగిన నీళ్లు ఏడాదికో రెండేళ్లకో మబ్బై తిరిగొస్తాయి. రాయి మాత్రం ఇసుకై, భూమి అడుగుకు చేరి, మళ్లీ కొండై లేవాలంటే కోట్ల ఏళ్లు. అన్నట్టు, మా మాత్మాతా కొండల్లో ప్రతి గోడకూ మిగులు నీళ్లు దిగువవాళ్లకు పోయే సందు ఒకటి వదులుతారు.

అంతలో మబ్రూకా గాడిద మీద రాళ్లు వేసుకుని ఎక్కి వచ్చింది.

"ఎంతసేపు తిరుగుతావురా? వచ్చి దింపు!"

"అన్నీ తెచ్చావా, అత్తా?"

"నాకు నీళ్లు రాకుండా సందులో కూరావే, అవి తప్ప. వాటికి తొందరేముంది? వాటంతట అవే కొండెక్కి రానీ."