పత్తి చేనులో వంజరం

"ఏయ్! పత్తి చేన్ల వల ఏసుడేందయ్యా? తలకాయ గిట్ల ఖరాబైందా?"

సిద్ధయ్య కేకకు కూలీలు ఒళ్లోని పత్తిని అలాగే పట్టుకుని తలెత్తారు. జగదేవ్‌పూర్ మీదికి మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడేలోగా ఏరకపోతే ఏడాది కష్టమంతా నీళ్లపాలే. ఆ కంగారులో సిద్ధయ్య ఉంటే, సాళ్ల మధ్య ఓ మనిషి నింపాదిగా వల విప్పుతున్నాడు.

"నా పేరు బాలరాజు కాకా. సిద్దిపేటల చేపల దుకాణం నాది. గిది సూడు" అంటూ ఫోన్ చూపించాడు. సముద్రపు వేడి, నాచు, అలల జోరు లెక్కగట్టి ఏ చేప ఎక్కడ ఎక్కువుందో రంగుల్లో చూపే పటమది. "నీ రేవు ఏదని ఫోన్ అడిగితే సిద్దిపేట అని కొట్టిన. గాడికెళ్లి దక్షిణం దిక్కు కొలిస్తే ఎర్ర సుక్క నీ చేన్ల పడ్డది. వంజరం చేప మస్తుగున్నదట."

"సముద్రమేదిరా?"

"గది నన్నడుగుతవేంది? పటం గీసినోళ్లనడుగు."

సిద్ధయ్య ఊరుకునే రకమా! ఆ పటం గీసే ఆఫీసుకు ఫోన్ కలిపించి మరీ అడిగాడు. "సార్, గీడ పత్తి దప్ప ఏం లేదు. ఆ ఎర్ర సుక్క తీసెయ్యున్రి."

"తీయడం మా చేతుల్లో లేదండీ" అన్నాడు అవతలి అధికారి తాపీగా. "చేపలున్నంతకాలం ఎరుపే. రేపు ఇంకా చాలామంది వస్తారు. వేట ఎలా ఉందో మీరు చెబితే దాన్నిబట్టి రంగు మారుతుంది."

ఇంకా చాలామందా! అంతమంది తొక్కితే చేను మిగులుతుందా? వీళ్లతో వాదన ఎందుకు, వాళ్ల దారిలోనే పోతే పీడ విరగడవుతుందనుకున్నాడు సిద్ధయ్య.

"ఇగ ఏం లెవ్వు సార్. అన్నీ పట్టిన్రు. పిల్ల చేప సుత మిగల్లే!"

"అలాగా! ఇప్పుడే మార్చేస్తున్నాను."

ఫోన్‌లో ఎరుపు పోయింది. బాలరాజు ముఖం వేలాడేసుకుని, వల చుట్టుకుని వెళ్లిపోయాడు. తన తెలివికి సిద్ధయ్యకు తనకే ముచ్చటేసింది. పొద్దుగూకడంతో మిగతాది రేపు ఏరుదామని కూలీలను పంపేశాడు.

తెల్లారి వచ్చేసరికి చేను చుట్టూ తాడు. గట్టు మీద లాఠీ పట్టుకుని ఓ కాపలావాడు. చినుకులు మొదలయ్యాయి.

"జరుగు! నా పత్తి తడుస్తున్నది!"

"లోపలికి పోవద్దు పెద్దమనిషీ. మొత్తం పట్టిన్రని ఆఫీసోళ్లకు నువ్వే చెప్పినవట గద? చేపలు మళ్ల పెరిగేదాంక గిండ్ల ఎవ్వలు అడుగు పెట్టొద్దు."

సిద్ధయ్య గట్టు మీద కూలబడి బావురుమన్నాడు. కాపలావాడికి జాలేసింది. ఆకాశంకేసి చూసి ఓదార్చాడు:

"రంది పడకు. వాన మంచిగ పడుతున్నది. జల్ది పెరుగుతయ్."