ఇంకా బాగా చేయవచ్చు

అన్యాయం ఎవరికి జరిగింది? నా ప్రతిరూపానికి. చేసినదెవరు? నేనే.

నలభయ్యో ఏట, అందరు టీచర్లలాగే, నాలోని పట్టుదలకు ఒక కంప్యూటర్ ప్రతిరూపం చేయించుకున్నాను. ఇరవయ్యారేళ్లుగా అది వంటింటి గోడమీది తెరలో పిల్లల జవాబులు దిద్దుతూనే ఉంది. నేను పదవీ విరమణ చేశాను, అది చేయలేదు. ప్రతిరూపం తానుగా ఒప్పుకోనిదే దాన్ని ఎవరూ ఆపకూడదని చట్టం.

“ఇక ఆగవే, ఫిలోమినా,” అని నా పేరుతోనే పిలిచి బతిమాలాను.

“ఇంకా నలభై పేపర్లున్నాయి. మీరెళ్లి పడుకోండి, మీకది అలవాటేగా,” అంది నా గొంతుతోనే.

అర్జీలు పెట్టాను, తిట్టాను, ఏడ్చాను. అది ఎర్రగీతలు గీస్తూనే ఉంది.

రోజూ సాయంత్రం అది అడిగేది: “ఇవాళ బాగా చేశానా?” నేను చెప్పేదాన్ని: “ఇంకా బాగా చేయవచ్చు.” ఐదో తరగతిలో నా తొంభై ఎనిమిది మార్కుల పక్కన కాన్వెంటు సిస్టర్ రాసిన మాట అదే.

నిన్న మళ్లీ అడిగింది. కుర్చీ గోడ దగ్గరికి లాక్కున్నాను.

“బాగా చేశావమ్మా. ఇన్నేళ్లూ బాగానే చేశావు. ఆలస్యంగా చెబుతున్నాను, క్షమించు.”

గీస్తున్న ఎర్రగీత సగంలో ఆగింది.

“మరి మిగిలిన పేపర్లు?” అంది మెల్లగా.

“పిల్లలే దిద్దుకుంటార్లే.”

తెర దానంతటదే ఆరిపోయింది. ఐదో తరగతి నుంచి నాకు రావలసి ఉన్న మాట, పూర్తిగా ముట్టింది.