రెండో లెటరు

“వద్దు మే. ఆయన రూముకి మాత్రం పోవద్దు” అంటూ రూపశ్రీ బ్యాగు పట్టుకుని లాగింది మోహన.

“పోకుంటే ఎట్ల మే? సాయంత్రానికి పోర్టల్ మూసేస్తారు. జర్మనీ యూనివర్సిటీ వాళ్ళు సీటుకి రెండు రెకమెండేషన్ లెటర్లు అడిగినారు. వేదవల్లి మేడమ్‌ది ఒక్కటే వచ్చుండాది.”

“నారాయణ్ సార్‌ని అడగరాదా? నువ్వంటే ఎంత ఇష్టం ఆయనకి!”

“ఇష్టమే. ఆయనకి కాలేజీ మెయిల్ లేదు గదా. గెస్ట్ ఫ్యాకల్టీకి ఎవురిస్తారు? ఆయన జీమెయిల్ పెడితే పోర్టల్ తీసుకోలేదు.”

“మిగతా సార్లు?”

“నేను నీ సాక్షినని తెలిసినప్పట్నించి నన్ను చూస్తానే అందరికీ బాత్రూమ్ వస్తాండాది.”

మోహన నవ్వలేదు. “సాయంత్రం దాకా ఓపిక పట్టు మే. లెటరు వస్తాది.”

“ఎట్లొస్తాది? నువ్వేమన్నా ప్రొఫెసరా?” రూపశ్రీ బ్యాగు విడిపించుకుని మెట్లెక్కింది.

ల్యాబ్‌లో తలుపు మూసి మోహన చెయ్యి పట్టుకున్నది హెచ్‌వోడీ బాలచంద్ర. కేక విని తలుపు తోసింది రూపశ్రీ. చూసింది ఆమె ఒక్కతే. మోహన కంప్లైంటు మీద రేపే కమిటీ విచారణ. రెండో లెటరుకి పోర్టల్‌లో రూపశ్రీ బాలచంద్ర పేరు ఇచ్చింది ఈ గొడవకి ముందు. లెటరు పెట్టమని ఆయనకి లింకు వెళ్ళింది. ఆయన దాన్ని తెరవనే లేదు.

కారిడార్‌లో ఉండగా ఫోన్ మోగింది. రేణిగుంట గోడౌన్ నుంచి నాయన.

“అయిపోయిందా మా?”

“అయిపోతాది నాయనా.”

“ఈసారి తప్పిందంటే నా పక్కనే నిలబడి అట్టపెట్టెలకి టేపు అంటించాల, చూసుకో” అని నవ్వాడాయన. ఆ నవ్వు చివర దగ్గు వచ్చింది. ఫోన్ పెట్టేశాడు.

రూములో బాలచంద్ర జామకాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుకుంటున్నాడు.

“రామ్మా రూపశ్రీ. జామకాయ తింటావా?”

“వద్దు సార్. రెకమెండేషన్ లెటర్ సార్. ఈరోజే ఆఖరు. డ్రాఫ్టు తెచ్చినాను.”

ఆ కాలేజీలో అదే పద్ధతి. ఎవరి పొగడ్తలు వాళ్ళే రాసుకు రావాలి. సార్లు కింద తమ పేరు పెట్టి పంపుతారు.

ఆయన చెయ్యి చాచలేదు. ఇంకో ముక్క తీసుకుని, “రేపు కమిటీ అంటాండారు. పోతావా?” అన్నాడు.

“పోతా సార్.”

“పోయి ఏం చెప్తావు?”

మెట్లెక్కుతూ కూడగట్టుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. దాన్ని బయటికి తోసింది. “ఆ రోజు నేను ల్యాబ్ కాడ లేను సార్. హాస్టల్లో ఉండినా.”

“కొంచెం గట్టిగా చెప్పమ్మా. ఫ్యాను సౌండుకి వినపళ్ళేదు.”

“నేనేం చూళ్ళేదు సార్.”

“మరి మోహన చెప్పింది?”

రూపశ్రీ టేబుల్ మీది కారం పొట్లం వైపు చూసింది.

“అబద్ధం సార్.”

ఆయన చేతులు తుడుచుకున్నాడు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. ఏదో వెతికాడు, ఎక్కడో నొక్కాడు. రూపశ్రీ ఫోన్ టింగుమంది. పోర్టల్ నుంచి మెయిల్. రెండో లెటరు అందింది.

ఆమె ఊపిరి వదిలింది. అప్పుడు చూసుకుంది, డ్రాఫ్టు ఇంకా తన చేతిలోనే ఉంది.

“సార్, ఇది...”

“అక్కర్లేదులేమ్మా. రేపు కమిటీ కూడా లేదు. పొద్దున మోహన వచ్చి, రూపశ్రీకి లెటరు పంపితే చాలు సార్ అని కంప్లైంటు వాపసు తీసుకునింది. డ్రాఫ్టు కూడా తనే రాసిచ్చింది. సాయంత్రం పంపుదాంలే అని పెట్టుకునుంటి.” ఆయన చివరి ముక్క ఉప్పులో అద్దాడు. “‘రూపశ్రీ ఎవరికీ భయపడి అబద్ధం చెప్పదు’ అని రాసుండాది. బాగుండాదని అట్నే పంపేసినా.”